రష్యను భాషాధ్యయనమున మధ్యమ తరగతి – తెలుగు విమర్శకున కది యేల?

రష్యను సాహిత్యమును గూర్చి తెలుగులో వెలువడిన విమర్శ పరిమాణమున స్వల్పము కాదు. 1943లో తెనాలియందు అభ్యుదయ రచయితల సంఘ మేర్పడిన నాటినుండియు గోర్కీ, టాల్‌స్టాయి, చెహోవ్ అను పేర్లు మన వ్యాసములలో తరచుగా వినవచ్చుచునే యున్నవి. క్రొవ్విడి లింగరాజుగారి 'అమ్మ' ఒక తరమువారి చేతులలో నలిగిన గ్రంథము. మాస్కోనుండి ప్రగతి ప్రచురణాలయమును, 1982 తరువాత రాదుగ ప్రచురణాలయమును వెలువరించిన తెలుగు పుస్తకములు, 1991లో సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమగు వరకు, మన పట్టణములలోని విశాలాంధ్ర పుస్తకశాలలలో మిక్కిలి చౌకగా లభించెడివి. ఈ గ్రంథరాశిని పురస్కరించుకొని విశ్వవిద్యాలయములలో ప్రభావపరిశోధనలు సాగినవి, సాగుచున్నవి. అయితే వీనిలో పెక్కింటికి ఆధారము రష్యను మూలము కాదు. దాని యాంగ్లానువాదమో, ఆ యనువాదమునకు తెలుగు సేతయో. అట్టి పరిశోధకుడు మూలభాషను ఎంతవరకు నేర్వవలె నన్న ప్రశ్నకు మనలో రెండు సమాధానములు వాడుకలో నున్నవి. బొత్తిగా రాకున్నను కొరత లేదనువారు కొందరు. సంపూర్ణముగా రానిచో నోరు మెదపరాదనువారు మరికొందరు. ఈ రెండును పరిశోధకుని ఉన్నచోటనే యుంచునవి. మొదటి వారికి రష్యను పని లేదు. రెండవవారు పని మొదలిడరు. ఈ రెంటికి నడుమ కళాశాలలలో మధ్యమ తరగతి యని పిలువబడు ఒక మెట్టు కలదు. విమర్శకున కక్కరకు వచ్చు భాషాజ్ఞాన మచ్చటనే మొదలగుననియు, మనవారు సరిగా అచ్చటికి వచ్చి ఆగిపోవుచున్నారనియు మా యభిప్రాయము.

మధ్యమ తరగతి యన నేదియో ముందు చెప్పవలెను. విదేశీయులకై రష్యనువా రేర్పరచిన పరీక్షావిధానమున ప్రతి స్థాయికిని ఒక కనీస పదపట్టిక కలదు. ప్రారంభస్థాయికి 780 పదములు, దాని పై మూలస్థాయికి 1300, ఆపైన 'మొదటి' దని వ్యవహరింపబడు స్థాయికి 2300. ఈ 1300కును 2300కును నడిమి త్రోవనే మేము మధ్యమ తరగతి యనుచున్నాము. పదముల సంఖ్య గుర్తు మాత్రమే. త్రోవలో నెదురగు వ్యాకరణమే ముఖ్యము. రష్యను మాటలను వాని యక్షరక్రమము ననుసరించి తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. ఊనిక లేని ఒకారము ఉచ్చారణలో అకారప్రాయ మగునని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

మొదటి సంవత్సరము తెలుగు విద్యార్థికి ఉత్సాహకరముగా సాగును. ఆంగ్లము నేర్చునపుడు అతనిని పీడించిన చిక్కులలో కొన్ని రష్యనులో లేనే లేవు. నామమునకు ముందు చేర్చవలసిన ఆంగ్ల ఉపపదములు లేవు. 'అతడు విద్యార్థి' యన్నచో మనకువలెనే వారికిని వర్తమానమున క్రియ యక్కరలేదు. 'నాకు చలిగా నున్నది', 'నాకు ఇరువది యేండ్లు', 'నాకు నచ్చినది' యనునవి వారి భాషలోను చతుర్థీవిభక్తితోనే నడచును. 'నాయొద్ద పుస్తకము కలదు' అను వాక్యము అచ్చు మన వాక్యమే. ఆంగ్లమునందువలె 'కలిగియుండు' క్రియను వెదకికొన బనిలేదు. విభక్తులు ఆరు. ప్రథమా ద్వితీయాదులను బాల్యముననే వల్లించినవానికి ఆరు విభక్తులు భయహేతువులు కావు. 'పెన్సిలుతో వ్రాయుట' తృతీయయే యని చెప్పినచో వేరు వివరణ మక్కరలేదు. ఇక 'తి', 'వి' యను మధ్యమపురుష సర్వనామములు మన 'నీవు', 'మీరు'లే. సంఖ్యావాచకముల విషయమున మాత్రము రెండు మొదలు నాలుగు వరకు ఒక తీరు, ఐదు మొదలు మరియొక తీరు. అది కంఠస్థము చేయవలసినదే. దానినిగూర్చి చెప్పదగినది లేదు.

ఈ పోలికలన్నియు నిజములే. కాని యివి విద్యార్థి కొక తప్పు ధైర్యము నిచ్చును. రష్యను వేషము మార్చుకొన్న తెలుగే యన్న భావము కలుగును. మొదటి సంవత్సరాంతమున యోగ్యతాపత్రము చేతికి వచ్చును. దరఖాస్తులో 'రష్యను తెలియును' అని వ్రాసికొనుటకు అది చాలును. సాయంకాలపు తరగతులతో పరిచయమున్న వారెల్లరు నెరిగిన సంగతి యేమనగా, మొదటి యేట బెంచీలన్నియు నిండిన గదిలో రెండవ యేట ముందువరుస చాలును. వెనుదిరిగిన వారిని సోమరులనుటకు మేము సిద్ధముగా లేము. పోలికల బలముతో వచ్చినవానికి పోలికలు చెల్లిపోయిన చోట చేయూత లేకుండుటయే యిందులకు కారణమని తోచుచున్నది.

ఆ చోటు క్రియాప్రకరణము. రష్యను క్రియ దాదాపు ప్రతిదియు జంటగా నుండును. ఆ భేదమును వారు 'విద్' అందురు. చూపు, కనబడు తీరు అని దాని యర్థము. పనిని దాని నడకలో చూపునది యొకటి, ముగిసిన యొక యంశముగా చూపునది వేరొకటి. 'సమాపక', 'అసమాపక' శబ్దములు మన వ్యాకరణమున వేరర్థమున రూఢములు గనుక వీనిని అపూర్ణము, పూర్ణము అని వ్యవహరింతుము. 'చితాల్' అన చదువుచుండెను, చదివెడివాడు, చదివియుండెను అను నర్థములన్నియు సందర్భమును బట్టి వచ్చును; 'ప్రొచితాల్' అన ఆద్యంతము చదివి ముగించెను. పూర్ణక్రియకు వర్తమానము లేదు. వర్తమాన ప్రత్యయములు చేర్చినచో అది భవిష్యత్తును చెప్పును. ఇంతవరకు పాఠ్యపుస్తకములలో నుండును.

ఈ భేదమున కథాగమనమే మారు చోట్లు కలవు. 'ఉగొవారివల్' అనగా ఒప్పింప యత్నించెను. 'ఉగొవొరీల్' అనగా ఒప్పించెను. 'లొవీల్' పట్టుకొన జూచెను, 'పొయ్మాల్' పట్టుకొనెను. 'స్దవాల్' పరీక్ష వ్రాసెను. 'స్దాల్' పరీక్షలో నెగ్గెను. అనగా మనము రెండు వేరు క్రియలతో చెప్పుదానిని వా రొకే క్రియకు రెండు రూపములతో చెప్పుదురు. ప్రయత్నమునకు ఫలమునకు నడుమ నున్న యగాధము ఆ భాషలో ఒక యక్షరములో నిమిడియుండును. ఇది గమనింపని యనువాదకుడు బ్రతిమాలుచున్న పాత్రను నెగ్గినవానిగా చూపగలడు. గమనింపని విమర్శకుడు ఆ పాత్రకు లేని పట్టుదలను అంటగట్టగలడు.

ఆంగ్లమున వ్రాసిన రష్యను వ్యాకరణములు ఈ విషయమును ఆంగ్లక్రియల కాలభేదములతో ముడిపెట్టి బోధించును. అందుచే తెలుగు విద్యార్థి పరాయి కిటికీనుండి మూడవ యింటిని చూచుచుండును. తెలుగున ఇందులకు సాధనములు కొన్ని కలవు. 'నిన్న మా అన్న వచ్చెను' అనునది రష్యనులో రెండు విధములు. వచ్చి యిప్పటికిని ఇంట నున్నచో 'ప్రిషోల్'. వచ్చి మరలిపోయినచో 'ప్రిహొదీల్'. ఆంగ్లగ్రంథము దీనికి పుటలకొలది వివరణ మిచ్చును. తెలుగువాడు 'వచ్చియున్నాడు', 'వచ్చి పోయినాడు' అని చెప్పి తరువాతి పాఠమునకు పోవచ్చును. కిటికీ తెరచెను, కిటికీ తెరచి మూసెను అను భేదమును ఇట్టిదే. 'చదివివేసెను', 'పడిపోయెను' అను వాని యందలి అనుబంధక్రియలు పూర్ణార్థమును స్ఫురింపజేయును. కాని యిచ్చట జాగ్రత్త యవసరము. మన 'వేయు', 'పోవు' కేవలము ముగింపును చెప్పవు. వక్త మనోభావమును గూడ మోసికొని వచ్చును. 'చెప్పివేసెను' అన్నచో దాచవలసినది దాచలేదన్న ధ్వని కలదు. రష్యను పూర్ణక్రియకు ఆ ధ్వని సహజముగా లేదు. ప్రతి పూర్ణక్రియకు 'వేసెను' తగిలించిన యనువాదము అధిక్షేపమువలె వినబడును. పోలిక ఎంతవరకు పనికివచ్చునో, ఎచ్చట విడువవలెనో చెప్పగల యుపాధ్యాయుడు మధ్యమ తరగతికి కావలెను.

'స్య' యను ప్రత్యయ మిట్టిదే. 'ఉచీత్' నేర్పుట, 'ఉచీత్స్య' నేర్చుకొనుట. 'మీత్' కడుగుట, 'మీత్స్య' కడుగుకొనుట. మన 'కొను' ధాతువు కంటికి కట్టినట్లున్నది. కాని 'స్మెయాత్స్య' నవ్వుట మాత్రమే; తనలో తాను నవ్వుకొనుట కాదు.

గమనక్రియలను గూర్చి విద్యార్థుల మొర యధికము. కాలినడకన పోవుట వేరు క్రియ, వాహనమున పోవుట వేరు క్రియ. అందును ఒకసారి ఒక దిక్కునకు పోవుట వేరు, పోయి వచ్చుచుండుట వేరు. 'ఇద్తీ', 'హొదీత్', 'యేహత్', 'యేజ్దిత్' అని నాలుగు రూపములు నేర్చినవాడు మన 'వెళ్లు' ఒక్కటికి సరిపోవును. మన 'తీసికొనిపోవు' అనునది మోసికొనిపోయినచో 'నెస్తీ', వెంటబెట్టుకొని నడిపించినచో 'వెస్తీ', బండిలో చేరవేసినచో 'వెజ్తీ'. కడపటి రెండును చెవికి ఒక్కటే. వ్రాతలోను ఇతర రూపములలోను భేదము తెలియును. దీనిపై ఉపసర్గలు చేరును. లోనికి, వెలికి, దాటి, చుట్టి, చేరి, వీడి అను నర్థములన్నియు క్రియకు ముందు చేరిన రెండు మూడక్షరములలో నుండును.

ఉపసర్గల విషయమున సంస్కృతపరిచయమున్న తెలుగు విద్యార్థి పాశ్చాత్య విద్యార్థికంటె మేలైన స్థితిలో నున్నాడు. హృ ధాతువుపై ప్ర, ఆ, సం, వి, పరి చేరి ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహార శబ్దము లేర్పడుట అత డెరిగినదే. 1866లో వెలువడిన డొస్తొయెవ్‌స్కీ నవలనే తీసికొందము. దానిని మన మెల్లరము 'నేరము–శిక్ష' యందుము. మూలమున నేరమునకు వాడిన మాట 'ప్రెస్తుప్లేనియె'. 'ప్రె' యనగా దాటి. దానిపై అడుగు వేయుట యను ధాతువు. అక్షరాల 'అతిక్రమణము'. అతి యను నుపసర్గయు, క్రమ్ ధాతువును అదే యర్థమున కలసినవి. రష్యనులో ఈ మాట న్యాయస్థానమున వాడుకలో నున్న సామాన్యపదము. నవలలో 'పెరెస్తుపీత్', దాటుట, అను క్రియ రస్కోల్నికోవ్ ఆలోచనలలో మరల మరల వచ్చును. గీత దాటగలవా డెవడు, దాటలేనివా డెవడు అన్న అతని వాదమంతయు గ్రంథనామములోనే బీజరూపమున నున్నది. 'నేరము' అను దేశ్యపదమున ఆ యడుగు లేదు. శీర్షికను మార్చవలె నని మేము చెప్పుట లేదు. 'అతిక్రమణము – దండనము' అన్నచో పుస్తకము ధర్మశాస్త్రమువలె నుండును. కాని విమర్శకున కీ సంబంధము తెలిసియుండవలెను. మధ్యమ తరగతిలో ఉపసర్గల పాఠము చదివినవానికి ఇది ఎవరును చెప్ప బనిలేదు.

ఇట్టిదే తుర్గేనెవ్ నవల 'ఒత్సీ ఇ దేతి', 1862 నాటిది. 'దేతి' యనగా పిల్లలు, సంతానము. ఆంగ్లమున నిది తరచుగా 'తండ్రులు, కొడుకులు' అయినది. మేము చూచిన ఒక సిద్ధాంతవ్యాసమున, తుర్గేనెవ్ కొడుకులనే చెప్పి కూతుండ్రను విడిచెననియు, ఇది నాటి సమాజమున పురుషాధిక్యమునకు నిదర్శనమనియు ఒక ప్రకరణము కలదు. నాటి సమాజమున పురుషాధిక్యము నిశ్చయముగా నున్నది. దానికి సాక్ష్యముగా ఈ శీర్షికను నిలువబెట్టుట మాత్రము చెల్లదు. ఆ మాట మొదటి సంవత్సరపు పదపట్టికలోనిదే. పరిశోధకునకు మూలశీర్షికను చూడవలె నన్న యలవా టుండలేదు. ఆ యలవాటు మూలమును కొంత చదివిన పిమ్మటగాని కలుగదు.

క్రియాజన్య రూపములకు వచ్చినప్పుడు తెలుగువాని మనస్సు తేలికపడును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి చెప్పిన శత్రర్థకము, క్త్వార్థకము రష్యనులో నున్నవి. 'చితాయ' చదువుచు, 'ప్రొచితావ్' చదివి. అపూర్ణక్రియనుండి శత్రర్థకము, పూర్ణక్రియనుండి క్త్వార్థకము సాధారణముగా పుట్టును. రెండును సమానకర్తృకములై యుండవలె నన్న నియమము గూడ ఒక్కటే. 1884 నాటి 'ఫిర్యాదుల పుస్తకము' అను చిన్నకథలో చెహోవ్ ఈ నియమముతోనే హాస్య మాడెను. ఒక ప్రయాణికుడు శత్రర్థకమును తప్పుగా ప్రయోగించుటచే, రైలుస్టేషనును సమీపించుచు కిటికీలోనుండి ప్రకృతిని తిలకించినది అతని టోపీయే యన్నట్లు వాక్యము తయారగును. 'సమీపించుచుండగా' అని వ్యాకరణశుద్ధముగా తెలిగించినచో హాస్యము నశించును; 'సమీపించుచు' అని యుంచినచో మన పాఠకుడును నవ్వును. కాని మన వ్యవహారమున 'వానలు కురిసి పంటలు పండినవి' వంటి భిన్నకర్తృక ప్రయోగములు చెల్లుబడియగుచుండుటచే, మన చెవి రష్యను చెవికంటె కొంత సహనము గలదని గూడ చెప్పవలెను. విశేషణరూపములలో వారు మనకంటె నిక్కచ్చివారు. 'చదివిన విద్యార్థి', 'చదివిన పుస్తకము' అని మనము ఒకే 'చదివిన'తో కర్తను కర్మను గూడ విశేషింతుము. వారు మొదటిదానికి 'ప్రొచితావ్షియ్' అనియు, రెండవదానికి 'ప్రొచీతన్నియ్' అనియు వేరుపరుతురు. పైగా లింగవచనవిభక్తులు విశేష్యమున కనుగుణముగా మారును.

ఈ వ్యాకరణమంతయు ఒక కథలో ఎట్లు పనిచేయునో చూపుట యుచితము. 1899లో ప్రకటితమైన చెహోవ్ కథ 'దామ స్ సొబాచ్కొయ్' మధ్యమ తరగతి విద్యార్థి నిఘంటువు సాయమున ఒక మాసములో చదువదగినది. శీర్షికలోనే యొక చిక్కు కలదు. 'సొబాచ్క' అనునది 'సొబాక'కు లఘుత్వవాచకము. దీనిని 'కుక్కపిల్ల' యన్నచో పసికూన యగును. కథలోనిది చిన్నజాతి తెల్లకుక్క, పెరిగినదే. కథలోని మొదటి మాట 'గొవొరీలి', కర్తృపదము లేని బహువచన క్రియ. దీనికి ఆంగ్లమున కర్మణిప్రయోగమో మరొక యుపాయమో వెదకవలెను. తెలుగున 'అనుకొనుచుండిరి' యన్న చాలును. యాల్టాకు క్రొత్తగా ఒక స్త్రీ వచ్చినదని ఎవరనుకొనుచుండిరో మనకును చెప్ప బనిలేదు.

ఇంతకంటె ముఖ్యమైనది ఈ కథలోని సంబోధన. గూరోవ్ మాస్కోలో నుండు గృహస్థు, నలుబదియేండ్లకు లోపువాడు. అన్నా సెర్గేయెవ్న వేరొకరి భార్య. యాల్టాలో వారి సాన్నిహిత్య మేర్పడిన పిమ్మట, హోటలు గదిలో, గూరోవ్ ఆమెను 'తి' యని సంబోధించును. ఆమె మాత్రము అతనిని 'వి' యనియే యనును. అతడు దాటిన మెట్టు ఆమె దాటలేదు. స్టేషనులో వీడ్కోలు చెప్పునపుడును ఆమెది 'వి'యే. ఆంగ్లమున రెంటికి నొకటే సర్వనామము గనుక ఈ వైషమ్యము కనబడదు. నాలుగు నెలలలోపుననే, చలికాలమున, గూరోవ్ ఆమె నివసించు పట్టణమునకు పోయి నాటకశాల మెట్లమీద ఆమెను కలిసికొనును. అప్పుడు అతడును 'వి'కి దిగును. ఒక గదిలో సంపాదించుకొన్న చనువు నలుగురి నడుమ నిలువలేదన్నమాట. లేక, ఇప్పుడు ఆమెను నిజముగా గౌరవింప నారంభించెనన్నమాట. ఈ రెంటిలో మేము రెండవదానివైపు మొగ్గుదుము. కాని యెటు మొగ్గినను, ముందు ఆ మార్పు కంటబడవలెను గదా.

తుదకు మాస్కో హోటలులో వారు రహస్యముగా కలిసికొనుచుండు రోజులలో, ఎట్లున్నావని అతడడుగగా ఆమె కన్నీటినడుమ 'పొగొదీ' యనును. ఆగు మని యర్థము. 'పొగొదీతె' కాదు, 'పొగొదీ'. మేము చూచినంతవరకు ఆ కథలో ఆమె నోట వెలువడిన మొదటి ఏకవచనసంబోధన మదియే. సర్వనామము లేదు, వర్ణనము లేదు, రచయిత వ్యాఖ్య లేదు. విధ్యర్థకక్రియకు చివర ఒక యక్షరము లేకుండుటయే వారి యిరువురి నడుమ నేమి జరిగినదో చెప్పుచున్నది. కథ చదివిన వారెందరో చివరి యధ్యాయమున ప్రేమ గాఢమైనదని వ్రాసిరి. ఆ గాఢత యెచ్చట నున్నదని యడిగినచో చూపదగిన చోటిది.

ఆంగ్లమునుండి తెలిగించువాని దురవస్థ ఇచ్చట విచారింపదగినది. ఆంగ్లమున 'ఆగు', 'ఆగండి' యన్న భేదము లేదు. తెలుగున భేదము చూపక తప్పదు. మూల మెరుగని యనువాదకుడు తన యింటి సంప్రదాయమునుబట్టి నిర్ణయించును. పురుషుడు 'నీవు', స్త్రీ 'మీరు' అనుట మన కుటుంబములలో చిరకాలముగా నున్న మర్యాద. కావున మొదటినుండి తుదివరకు అతడు ఆమెను 'నువ్వు' అనును, ఆమె అతనిని 'మీరు' అనును. చివర 'ఉండండి' యనును. తెలుగు పాఠకున కందులో వింత తోచదు. రష్యనులో ఎడమును సూచించిన వైషమ్యము తెలుగున దాంపత్యమర్యాదగా మారి, ఎడము లేదన్న యర్థము నిచ్చును. అనగా తెలుగునకు రష్యనుతో నున్న పోలికయే ఇచ్చట మోసమునకు కారణము. మొదటి సంవత్సరమున 'తి'కి 'నీవు', 'వి'కి 'మీరు' అని నేర్చి సంతోషించిన విద్యార్థి రెండవ సంవత్సరమున, ఆ రెండు జంటలు సమానార్థకములైనను వాని సామాజికస్థానములు సమానములు కావని తెలిసికొనును. మంచి యనువాదకుడు యాల్టా ఘట్టమున 'మీరు'తోపాటు పేరును, 'గారు'ను వాడి ఎడమును వినిపింపవచ్చును. చివర 'ఉండు' అని యొక్కమాట వ్రాసి ఊరకుండవచ్చును. పాఠకుడు ఉలికిపడును, ఉలికిపడవలెను.

అదే ఘట్టమున గూరోవ్ ఆమెను ఓదార్చుచు 'పొప్లాకల' యను రూపమును వాడును. ఏడ్చుట యను ధాతువునకు 'పొ' చేర్చినచో కొంతసేపు ఏడ్చి మానుట యను నర్థము వచ్చును. ఏడ్చినంత ఏడ్చితివి, ఇక చాలు నని భావము. ఒక యుపసర్గలో దయ కలదు, కొంచెము పెద్దరికము కలదు. కథ చివరి మాట 'నచినాయెత్స్య', అపూర్ణ వర్తమానము: మొదలగుచున్నది. ఈ ధాతువునకు పూర్ణరూపము కలదు గాని దానికి వర్తమానము లేదు గనుక, ఇంకను మొదలగుచునే యున్నదని చెప్పుటకు ఇదియే తగిన రూపము. ముగింపు లేని ముగింపని మన కథానికావిమర్శకులు చెహోవ్‌ను గూర్చి తరచుగా చెప్పునది ఈ క్రియారూపమున ప్రత్యక్షముగా నున్నది.

దీనికి ఆక్షేపణ రాగలదు. మాస్కోలో నివసించి అనువాదములు చేసిన ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు మున్నగువారు మనకు గ్రంథము లందించిరి గదా, పరిశోధకుడు వానినే నమ్మరాదా యని. వారి కృషి గొప్పది. అయినను అనువాదకుని నమ్ముట పాఠకుని ధర్మము, పరీక్షించుట పరిశోధకుని ధర్మము. ఒక యనువాదము మంచిదని చెప్పుటకైనను మూల మెరుగవలెను. ఇప్పటివలె మూలము చూడకయే 'మూలమునకు విధేయము', 'సరళము', 'ధారాళము' అని యోగ్యతాపత్రము లిచ్చుట ఆ యనువాదకులకే గౌరవము కాదు.

రష్యను పండితులు తెలుగును ఎట్లు నేర్చిరో గమనింపుడు. పెత్రునీచెవ 1960లో తెలుగుభాషను గూర్చి రష్యనులో నొక గ్రంథము వ్రాసెను. 1972లో జెనిత్, పెత్రునీచెవ, గూరోవ్ అను మువ్వురు కూర్చిన తెలుగు–రష్యను నిఘంటువు మాస్కోలో వెలువడినది. (ఈ గూరోవ్ చెహోవ్ పాత్ర కాడు, లెనిన్‌గ్రాడు పండితుడు!) వారు మన భాషను వారి భాషలోనే వివరించుకొనిరి. మనకును తెలుగులో వ్రాసిన రష్యను క్రియాప్రకరణ మొకటి, చిన్నదైనను చాలును, కావలసియున్నది. పూర్ణాపూర్ణభేదము, గమనక్రియలు, ఉపసర్గలు, 'కొను'–'స్య' సంబంధము, సంబోధనమర్యాద: ఈ యైదింటిని బాలవ్యాకరణ పరిభాషతో చెప్పినచో నూరుపుటలకు మించదు. దీనిని రష్యను బోధకుడును తెలుగు బోధకుడును కలసి వ్రాయవలెను. ఏ యొక్కరివలనను కాదు.

సౌకర్యము లేదన వీలులేదు. హైదరాబాదులో 1958లో నెలకొన్న ఆంగ్లభాషా కేంద్రసంస్థ 1972లో ఇతర విదేశభాషలను చేర్చుకొని, 2007 నుండి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయముగా నడచుచున్నది. అచ్చట రష్యను శాఖ కలదు. ఉస్మానియా ప్రాంగణమునకు అది ప్రక్కనే యున్నది. రెండు ప్రాంగణముల నడిమి దారి కాలినడకకు చాలును. రష్యనువారు దీనికి 'ఇద్తీ' యందురు. వారమునకు రెండుమారులు పోయి వచ్చుచుండినచో 'హొదీత్'.

రష్యను సాహిత్యముతో సంబంధించిన విషయమును స్వీకరించు పరిశోధకునకు శాఖ యొక చిన్న పరీక్ష పెట్టవలె నని మా సూచన. సంభాషణ పరీక్ష వలదు, వ్యాసరచన వలదు. చెహోవ్ కథ నొకదానిని మూలమున ఇచ్చి, నిఘంటువు చేతి కిచ్చి, దాని యాంగ్లానువాదము నొకటి, తెలుగు అనువాదము నొకటి ముందుంచి, మూడింటికి తేడా గల పది చోట్లు గుర్తించి కారణము వ్రాయుమని యడుగవలెను. రెండేండ్లు శ్రద్ధగా చదివినవాడు ఒక పూటలో వ్రాయగలడు. మొదటి సంవత్సరపు యోగ్యతాపత్రము మాత్రమే గలవాడు వ్రాయలేడు. వ్రాయలేనివానిని నిరాకరింప బనిలేదు. అంశమును నమోదు చేయుటకు ముందు ఇంకొక సంవత్సరము గడువిచ్చి, ఆ సాయంకాలపు తరగతికే మరల పంపవచ్చును.